సంకరమా, సంసృష్టియా? – మరాయా యను జపాను మేళము

జపాను దేశమున 1983వ సంవత్సరమున "ఉతకత నో హిబి" యను పేర నొక గ్రామఫోను రికార్డు వెలువడినది. దానిని చేసినవారు "మరాయా" యను మేళమువారు. అందున్న పాటలు ఏడు. వాద్యములలో కొన్ని విద్యుచ్ఛక్తితో పలుకు యంత్రములు, కొన్ని డోళ్లు, ఒకటి శాక్సఫోను. భాషలలో ఒకటి జపానీయము, రెండవది ఆర్మేనియను. ఆ రికార్డు తన దేశముననే ఎక్కువమంది చెవిని బడక మరుగుపడినది. మేళమువారును దాని తరువాత మరియొకటి చేయలేదు. ముప్పదిరెండేండ్లకు, అనగా 2015లో, న్యూయార్కులోని పాల్టో ఫ్లాట్స్ అను చిన్న సంస్థ దానిని మరల ముద్రించి లోకమునకు వినిపించినది. నేడు చేతనున్న సెల్‌ఫోనులో ఎవరైనను దానిని వినవచ్చును. వినవలెనని చెప్పుటకే ఈ వ్యాసము. అయితే ఎందుకు వినవలెనో చెప్పుటకు కొంతదూరము చుట్టి రావలసియున్నది.

మాకు జపాను భాష రాదు. ఆ దేశమును చూచినవారమును కాము. బడిపిల్లలకు పాటల ద్వారమున చదువు చెప్పు పద్ధతి ఏయే దేశములలో ఎట్లు పుట్టెనో తెలిసికొనగోరి, మెయిజీ చక్రవర్తి కాలపు జపాను పాఠశాలల చరిత్ర చదువ మొదలిడితిమి. ఆ బడిపాటలను వినబోయి వాని మనుమలను, మునిమనుమలను గూడ వింటిమి. ఒక పాట ముగియగానే దానివెంట మరియొకదానిని తానే యందించు యంత్రసౌకర్యము నేడు కలదు గదా. దాని చలువవలన ఒకరాత్రి మరాయావారి "షిన్‌జో నో తొబిరా" మా యింట మ్రోగినది. "గుండె తలుపు" అని ఆ పేరున కర్థము. ఇంటిలోనివారు "ఇది ఏ దేశపు పాట?" అని యడిగిరి. ఆ ప్రశ్నకు సూటియైన జవాబు దొరకలేదు. దొరకకపోవుటయే మమ్ము ఈ విచారమునకు దింపినది.

రెండు మూడు జాతుల వస్తువులను కలిపి చేసినదానిని మనవారు "సంకరము" అందురు. ఆ మాట పలుకునప్పుడు ముఖము చిట్లించుట ఆచారము. ధర్మశాస్త్రములలోని వర్ణసంకరమను పదము ఎంత భయము పుట్టించెనో చెప్పనక్కరలేదు. ఆ భయముచేతనే ఎన్ని వివాహములు చెడగొట్టబడినవో, ఇప్పటికిని చెడగొట్టబడుచున్నవో, ఈ పత్రిక చదువరులకు తెలియును. మనుష్యుల విషయమున అంటుముట్టులను వదలుకొంటిమని చెప్పుకొనువారు సైతము సంగీతము దగ్గరకు వచ్చునప్పటికి మడి కట్టుకొందురు. ఆలిండియా రేడియోవారు 1940లో హార్మోనియమును తమ గడప తొక్కనీయక వెలివేసి, 1971 వరకు ఆ వెలిని సడలింపలేదు. అట్లే పరదేశమునుండి వచ్చిన వయొలినో, దక్షిణదేశపు కచ్చేరులలో పీట వేసికొని కూర్చుండి, ద్వారము వేంకటస్వామినాయుడుగారి చేతిలో తెలుగువారి సొత్తే యైనది. హార్మోనియపు మెట్లు గమకమును పలుకజాలవు, వయొలిను పలుకగలదు, భేదమంతయు అందే యున్నదని కొంద రందురు. ఆ వాదము కొంత నిజమే. అయినను ముప్పదియేండ్ల వెలికి అదియొక్కటే కారణమని మేము నమ్మజాలము.

వింత యేమన, ఈ "సంకరము" అను మాటయే అలంకారశాస్త్రములో భూషణవాచకము. ఒకే పద్యమున ఉపమయు, ఉత్ప్రేక్షయు, శ్లేషయు కలిసి వచ్చినప్పుడు ఆలంకారికులు ఆ కలయికను రెండువిధములుగా విభజించిరి. నువ్వులును బియ్యమును కలిపినట్లు దేనికది కంటికి తెలియుచు, ఏరదలచినచో ఏరుకొనదగినట్లుండు కలయిక సంసృష్టి. ఇది తిలతండుల న్యాయము. పాలును నీళ్లును కలిపినట్లు విడదీయరాక యుండునది సంకరము. ఇది క్షీరనీర న్యాయము. రెండును శోభాకరములే యని వారి మతము. కలిపిన కవి సమర్థుడా కాడా యన్నదే వారి ప్రశ్న గాని, కలుపవచ్చునా కూడదా యన్నది కాదు. ఒక శాస్త్రమున నిందయైన మాట మరియొక శాస్త్రమున శోభ యెట్లయ్యెనో తర్కించువారు తర్కింతురుగాక. మాకు మాత్రము ఈ విభాగము జపానువారి పాటలను తెలిసికొనుటకు మిక్కిలి యుపకరించినది.

ఆ దేశమున పాశ్చాత్యసంగీతము ప్రభుత్వపు టుత్తరువుతో బడిలో ప్రవేశించినది. 1879లో విద్యాశాఖవారు సంగీతవిచారణకై యొక కార్యాలయమును నెలకొల్పి, ఇసావా షూజీ యను విద్యావేత్తను దానికి పెద్దను జేసిరి. ఆయన అమెరికాలో చదివినవాడు. అచ్చట తనకు పాటలు నేర్పిన లూథర్ వైటింగ్ మేసన్ అను గురువును 1880లో జపానుకు రప్పించెను. తూర్పు పడమరల సంగీతములను కలిపి నూతనమైన జాతీయసంగీతమును నిర్మింపవలెనని ఇసావా సంకల్పము. స్కాట్లండు దేశపు వీడ్కోలు పాట వరుసకు జపాను మాటలు కూర్చబడినవి. మిణుగురుల వెలుగును పేరునందు నిలుపుకొన్న ఆ పాట, "హోతరు నో హికరి", బళ్లలో వీడ్కోలు దినమున పాడు పాటగా ఆ దేశమంతట నిలిచినది. పాశ్చాత్యుల సప్తస్వరములలో నాల్గవదానిని, ఏడవదానిని విడిచి, మిగిలిన ఐదింటితో పాటలు కట్టు వాడుకయు ఆ కాలముననే బలపడినది. దానిని "యోననుకి" యందురు. ఆ ఐదింటిని వరుసగా పాడిచూచినచో మన పిల్లలును పోల్చుకొందురు: స, రి, గ, ప, ద. అవి మన మోహనరాగపు స్వరములే. గమకము లేదు, రాగమున కుండవలసిన సంచారము లేదు. మెట్లు మాత్రము అవియే. స్కాట్లండు పాట జపాను నోటికి అంత సులభముగా అమరుటకు, అదియు ఐదు స్వరముల పాటయే యగుట యొక కారణము.

ఈ బడిపాటల కలయిక పాలు నీళ్ల కలయిక. రెండు తరములు గడచునప్పటికి అందు పరాయిదేదో, తమదేదో విడదీసి చెప్పుట కష్టమైనది. లాభమేమన, పల్లెటూరి పిల్లలు సైతము గొంతు కలిపి పాడ నేర్చిరి. నష్టమేమన, షామిసెన్ మొదలగు పాతవాద్యములకును, ఊరి జాతరల పాటలకును బడిలో చోటు లేకపోయినది. బడిలో పాఠము చెప్పుట మా వృత్తి యగుటచే ఈ నష్టపు లోతు మాకు తెలియును. బడిలో లేనిదానిని తక్కువదిగా నెంచుట పిల్లలకు ఎవ్వరును నేర్పనక్కరలేదు.

నూరేండ్లకు మరియొకవిధమైన కలయిక వచ్చినది. 1978లో హరువొమి హొసొనో, ర్యూయిచి సకమోటో, యుకిహిరొ తకహషి అను మువ్వురు "యెల్లో మాజిక్ ఆర్కెస్ట్రా" యను మేళము కట్టి, యంత్రములతో సంగీతము చేయుటలో లోకమంతట పేరుపొందిరి. వారి తొలి రికార్డులో నొక చమత్కారము కలదు. మార్టిన్ డెన్నీ యను అమెరికను, తూర్పుదేశములను తనకు తోచినట్లు ఊహించుకొని "ఫైర్‌క్రాకర్" అను వరుస కట్టియుండెను. తూర్పుదేశపువారగు వీరు దానినే తీసికొని యంత్రములపై మ్రోయించిరి. మనలను గూర్చి పరులు వ్రాసిన కట్టుకథను మనమే నవ్వుచు సభలో చదివి వినిపించినట్లున్నది. వీరి సంగతి ఇంతకంటె వ్రాయము. వ్రాసినవారు కొల్లలుగా నున్నారు. 1983 చివర ఈ మేళము చెదిరినది. మరాయావారి కడపటి రికార్డు వెలువడినదియు ఆ యేడే.

మరాయామేళమునకు నాయకుడు యసువాకి షిమిజు. 1954లో జన్మించినవాడు, శాక్సఫోను విద్వాంసుడు. కీబోర్డులకు మసనొరి ససజి, గిటారుకు తకయుకి హిజికత, డోళ్లకు హిదెవొ యమకి. వీరు స్టూడియోలలో చేయి తిరిగిన వాద్యగాండ్రు. వీరిలో ససజి తరువాతి కాలమున, 1990ల నడుమ, "స్పిట్జ్" అను బహుళప్రసిద్ధమైన మేళపు రికార్డులకు నిర్మాతయై పేరుగాంచెను. మరాయావారి మొదటి రికార్డు 1980లో వచ్చినది. ఆ తొలినాటి పాటలలో జాజు, రాకు రీతుల పనితనము మెండు. పనితనము మెండైనచోట దానిని చూపవలెనను ఉబలాటము కూడ మెండుగనే యుండును గదా. 1982లో షిమిజు తన పేర "కకషి" యను రికార్డు చేసెను. పొలములోని దిష్టిబొమ్మ యని దాని యర్థము. అందు ఆ యుబలాటము తగ్గినది. మరుసటి యేటి "ఉతకత నో హిబి"లో దాదాపు లేకయే పోయినది. చేయి తిరిగినవారు చేయి కట్టుకొని వాయించిన రికార్డు ఇది.

మొదటి పాట "సొకొకర", అనగా "అక్కడినుండి". డోలుదెబ్బ బరువుగా నడచును. జపాను ఊళ్లలో "మత్సురి" యను దేవతోత్సవము జరుగునప్పుడు పల్లకి మోయువారి యడుగులను నడిపించు డోలు గతిని అది తలపించును. దానిమీద సింథసైజరు పలుకు చిన్న వరుస మరల మరల వచ్చుచుండును. జాతర డోలును యంత్రమును కలుపుట యెవరికైనను తోచు పనియే. అయితే అట్లు కలిపిన పాటలు పెక్కింటిలో, డోలు యంత్రమునకు లొంగి గడియారపు చప్పుడై పోవును, లేనిచో యంత్రము డోలు వెనుక రంగుతెరవలె ఊరక వ్రేలాడును. ఇక్కడ రెండును జరుగలేదు. డోలు తన బరువును తాను మోసికొనుచున్నది. యంత్రము తన చల్లదనమును దాచుకొనలేదు. నువ్వులు నల్లగనే యున్నవి, బియ్యము తెల్లగనే యున్నది. రెంటినడుమ విడిచిన చోటు మనకు వినబడును. ఈ విడిచిన చోటును గూర్చి జపానువారికి "మా" యను నొక మాట కలదని, ఆ దేశపు కళనంతటిని ఆ యొక్క యక్షరముతో వివరించు విదేశీయులు కలరు. మే మట్లు చేయము. చోటు విడుచుట ఏ దేశమువారికైనను కష్టమే. విడిచినవారు షిమిజు మున్నగువారు గాని వారి దేశము కాదు.

రెండవ పాట "షిసెన్". "చూపు" అని యర్థము. ఒక కీబోర్డు పలుకు నెమ్మదిగా తిరుగుచుండ, స్త్రీకంఠ మొకటి దాని నడుమ నిలిచి పాడును. పాడినది జూలీ ఫవెల్ అను గాయని. పాడిన భాష ఆర్మేనియను. మమ్ము మొదట పట్టుకొన్న "షిన్‌జో నో తొబిరా"లోని కంఠమును ఆమెదే. అందు తాళము యంత్రము వేయును. నడక నిదానము. మన కచ్చేరిలో మృదంగము గాయకుని పట్టి యెదురొడ్డినట్లు, ఊతమిచ్చినట్లు, ఈ యంత్రము చేయదు; దానికి గాయని యున్నదను జ్ఞానమే లేదు. గాయనియు దానిని వేడుకొనదు. కంఠమును వణికింపదు, పొంగింపదు. దీపము పట్టుకొని ఇంటిలో నడచు మనిషివలె, ఆరిపోకుండునంత జాగ్రత్తతో, పాటను తీసికొనిపోవును. యంత్రపు తాళమునకు హృదయము లేదని మనమందరము అందుము. ఈ పాటలో హృదయము లేని దానిప్రక్కన హృదయమున్నది నిలిచినందుననే, ఉన్నదానిని మనము గుర్తింతుము. రెంటిని పాలునీళ్లుగ కలిపియున్నచో, అనగా యంత్రమునకు లేని ఆర్ద్రతను పులిమియున్నచో, లేక కంఠమును యంత్రముచేత మార్చియున్నచో, ఈ ఫలము లభించియుండదు. నేటి మన సినిమాపాటలలో ఈ రెండు పనులును నిత్యము జరుగుచున్నవి గనుక చదువరులు పోల్చిచూచుకొనవచ్చును.

ఇచ్చట నొక గట్టి ఆక్షేపణ కలదు. జపాను మేళమునకు ఆర్మేనియను మాట లేల? ఆర్మేనియనులది ప్రాచీనజాతి, మెస్రోప్ మష్తోత్సు అను నాతడు క్రీస్తుశకము అయిదవ శతాబ్ది యారంభమున వారి లిపిని కల్పించెను, 1915 మొదలుకొని ఒట్టోమను ప్రభుత్వము చేసిన ఘోరసంహారమున ఆ జాతి లక్షలకొలది జనమును గోలుపోయి, మిగిలినవారు దేశదేశములకు చెదిరిరి. అట్టివారి భాషను, అర్థమెరుగని శ్రోతల యెదుట, వింతధ్వనికొఱకు మాత్రము వాడుకొనుట అలంకారమా, అపచారమా? ముత్తుస్వామి దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండు వరుసలకు సంస్కృతము కూర్చి నొట్టుస్వరములు చేసినప్పుడు వరుస పరాయిది, మాట మనది. ఇక్కడ తలక్రిందు: వరుస తమది, మాట పరాయిది. పరాయి వరుసను తెచ్చుకొనుట విద్య. పరాయి మాటను తెచ్చుకొనుటలో బాధ్యత కలదు.

తమిళదేశపు సభలలో త్యాగరాజస్వామివారి తెలుగును అర్థము తెలియకయే తలలూపి విన్నవారు తరతరములుగా నున్నారు. నాదమే చాలునని మనము వారిని మెచ్చుకొంటిమి. మెచ్చుకొనుట మనకు సులభము. భాష మనది గనుక. 1940లలో అచ్చటివారు తమిళ ఇసై యుద్యమము లేవదీసి "మా పాటను మా మాటలో వినవలదా?" యని యడిగినప్పుడు తెలుగువారిలో ననేకులు నొచ్చుకొనిరి. వారి ప్రశ్నలో న్యాయము కలదని మా యభిప్రాయము. మాట తెలియని వినికిడి సగము వినికిడియే. మరాయావారి పాటల విషయమున మేము వినుచున్నదియు ఆ సగమే.

ఆ సగముతో చెప్పగలిగినంత చెప్పెదము. భాషను నగవలె వాడుకొనువారు దానిని పాట చివర, లేక పల్లవులనడుమ, తళుక్కున మెరపించి తీసివేయుదురు. మన పాటలలో హిందీ, ఆంగ్లపు ముక్కలు వచ్చు తీరు అది. "షిసెన్"లో, "గుండె తలుపు"లో అట్లు కాక, ఆర్మేనియను మాటయే పాటకు నడిమిస్తంభము. వాద్యములే దానికొఱకు తగ్గి, ఒదిగి, చోటిచ్చినవి. ఇల్లు వచ్చిన యతిథిని పెరటిలో నిలిపి చూపించుట వేరు, నట్టింట పీట వేయుట వేరు. ఆర్మేనియను లెరిగినవా రెవ్వరైన "ఆ మాటలలో పస లేదు" అన్నచో మా మాటను వెనుకకు తీసికొనుటకు సిద్ధముగా నున్నాము.

అయితే ఈ మేళమువా రన్నివేళల ఇంతటి మర్యాద పాటించినవారు కారు. 1981లో వీరు చేసిన రికార్డొకదానికి "ఆష్‌విట్జ్ డ్రీమ్" అని పేరు పెట్టిరి. పది లక్షలకు పైబడి మనుష్యులు, అందును ముఖ్యముగా యూదులు, చంపబడిన తావు పేరును "కల" యను మాటతో జతచేసి అట్టమీద అచ్చువేయుట మాకు మింగుడుపడదు. సంగీత మెట్టిదైనను ఆ పేరు చెడ్డ పేరే. పరుల దుఃఖము వింతరంగుగ పనికివచ్చునను దృష్టి ఆనాటి అనేకదేశముల యువమేళములలో కనబడును. రెండేండ్లలో వీరు దానినుండి ఎంతదూరము నడచిరో చూపుటకే దీనిని ఎత్తితిమి. కడపటి రికార్డులోను అన్ని పాటలును సమానములు కావు. "ఫుజియూ న నెజుమి", అనగా "స్వేచ్ఛలేని ఎలుక", తెలివికొఱకు చేసిన తెలివివలె మాకు తోచినది. "హన గ సైతర", "పూలు పూచినచో", వినుటకు హుషారుగా నుండును గాని, పాత యుబలాటము శాక్సఫోను వెంట మరల తొంగిచూచును.

పాటల పేర్లను గూర్చి మరియొక ముచ్చట. "ఉతకత" యనగా నీటిబుడగ. "ఉతకత నో హిబి" యనగా బుడగవంటి దినములు. కమొ నో చోమెయ్ అను సన్న్యాసి 1212లో పర్ణశాలలో కూర్చుండి వ్రాసిన "హోజోకి" యను గద్యకావ్యపు టారంభముననే ఈ మాట యున్నది. మన బుద్బుదమును, వారి ఉతకతయు బౌద్ధమతమను ఒక్క చెరువులోనివే. కాని ఫ్రెంచి రచయిత బోరిస్ వియాన్ 1947లో వ్రాసిన ప్రసిద్ధనవలకును జపాను భాషలో ఈ పేరే కలదు. ఆ నవలలో నాయికకు ఊపిరితిత్తిలో కలువ మొలచును. ఆమె బ్రదుకుటకు చుట్టును పూలుంచవలెను. ఆ యింటిలో నొక చిట్టెలుక కాపురముండును. మనుష్యుల గుండెను పెరికివేయు ఆయుధమొకటియు వచ్చును. ఇక రికార్డులోని పేర్లు చూడుడు: పూలు, ఎలుక, గుండె. ఇది యాదృచ్ఛికమని మాకు తోచదు. అయినను దీనిని మా యూహగనే చదువరులు గ్రహింతురుగాక. ఆ నవలలోనే, మీట నొక్కినకొలది స్వరమునకు తగిన పానీయము పాత్రలో కలిసి దిగు పియానో యొకటి కలదు. క్షీరనీరన్యాయమునకు అంతకంటె చక్కని యుదాహరణము సంస్కృతమునను మేము చూడలేదు. మరాయావారు ఆ పియానో వాయించలేదు.

ఈ రికార్డు ముప్పదిరెండేండ్లు మరుగున బడియుండుటకు కారణమేమి? అంగడివాడు దానిని ఏ యరలో పెట్టవలెనో తెలియకపోవుటయే ప్రధానకారణమని మా తలంపు. జాజు కోరి వచ్చినవానికి అది జాజు కాదు. నాట్యమునకు కోరినవానికి నిదానము. జాతరపాట కోరినవానికి ఆర్మేనియను. ఇపుడు అదియే దానికి యోగ్యతాపత్రమైనది. 2010ల తరువాత, ఆ కాలపు జపాను రికార్డులను వెదకి తెచ్చుట ఐరోపా, అమెరికాలలో నొక వేడుక. మిదొరి తకద యను వాద్యకారిణి 1983లోనే చేసిన "త్రూ ది లుకింగ్ గ్లాస్" 2017లో మరల వెలువడినది. షిమిజు "కకషి"యు ఆ యేడే. ఇది మేలే. పాల్టో ఫ్లాట్స్‌వారు శ్రమపడనిచో మా చెవికీ పాట రాకపోయెడిది.

కాని "కనుగొంటిమి" అను మాట వినినప్పుడెల్ల మాకు కొలంబసు జ్ఞప్తికి వచ్చును. ఈ రికార్డును మొదట తెచ్చిన సంస్థ పేరును నిప్పన్ కొలంబియాయే యగుట యొక వేడుక. షిమిజు ఎక్కడికిని పోలేదు. 1983 తరువాతను వాయించుచునే యున్నాడు, ప్రకటనలకు సంగీతము చేసియున్నాడు, దానిని 1987లో బెల్జియము దేశపు సంస్థ యొకటి రికార్డుగా తెచ్చినది. తప్పిపోయినది ఆయన కాదు, వినువారి చెవి. ఇంకొక జాడ్యమును కలదు. ఎవ్వరు నెరుగనిదగుటయే గుణమని, పదిమంది యెరుగగానే రుచి చెడెనని తలచు రసికు లున్నారు. పూర్వము మంత్రమును చెవిలో మాత్రమే చెప్పి, గోడ యవతలివాడు విన్నచో పాపమన్నవారికిని వీరికిని ఎడ మెంతయో మాకు కనబడదు. రామానుజులు గోపురమెక్కి మంత్రము నందరికిని వినిపించిన కథను మెచ్చుకొను మనము, మంచి పాటను దాచుకొనుట యెట్లు మెచ్చుకొందుము?

వినదలచినవారు వరుసక్రమమును పాటింపక మొదట "గుండె తలుపు", పిదప "చూపు", ఆ మీదట "అక్కడినుండి" వినుట మంచిది. పనులు ముగిసిన రాత్రివేళ, ఇంటిల్లిపాదియు కూర్చుండి విన్నచో మరియు మంచిది. పిల్లలు పెద్దలకంటె ముందుగా యంత్రము పలుకేదో, మనిషి చేతిదేదో విడదీసి చెప్పుదురు. షిమిజు 1996లో బాఖ్ వ్రాసిన ఒంటి చెల్లో స్వరరచనలను మూడింటిని శాక్సఫోనుమీద వాయించి రికార్డు చేసెను. వానికొఱకు భూమిలోపలి రాతిగని వంటి, నాదము చాలసేపు మ్రోగుచుండు చోట్లను వెదకి పోయెను. రెండువందలయేండ్లకు పైబడిన జర్మనుల స్వరములు, బెల్జియమువాడు కనిపెట్టిన వాద్యము, జపానువాని ఊపిరి, రాతిగోడల మారుమ్రోత. అందు నువ్వులేవియో, బియ్యమేదియో, పాలేవియో మేమింకను తేల్చుకొనలేదు. తేలినప్పుడు వేరొక సంచికలో వ్రాసెదము.